రెండు నల్లాలూ ఇప్పినోడు

ఎల్లప్పకు నలభయ్యో ఏట ఏడో తరగతి వచ్చిపడింది. పురానాపూల్ దగ్గర మిట్ట మీదున్న నీళ్ల ట్యాంకుకు పదమూడేళ్లుగా నల్లా ఇప్పేదీ అతనే, కట్టేదీ అతనే. అయినా నౌకరీ మాత్రం కచ్చాయే, ఏ రోజైనా పొమ్మనొచ్చు.

"ఏడో తరగతి పాసైన కాయిదం తెస్తేనే పక్కా చేస్తరంట ఎల్లప్పా. ఈ యేడే ఆఖరు, మళ్ల ఉమర్ దాటిపోతది" అని సూపర్‌వైజర్ ఇశ్రాయేలు చల్లగా చెప్పి వెళ్లాడు. చెప్పడానికేం, నోరుంటే చాలు. చదవాల్సింది ఎల్లప్ప కదా!

పంతులమ్మ ఇంట్లోనే దొరికింది. కూతురు ఆండాలుది కూడా ఆ ఏడు ఏడో తరగతే. పుస్తకాలు ఒక జత, చదివేవాళ్లు ఇద్దరు. తెలుగు పద్యాలు తండ్రి బాగానే బట్టీపట్టాడు. సైన్సులో నీళ్లు శుభ్రం చేసే పాఠం వస్తే, "ఇది రాసినోనికి పటిక ఎంత ఎయ్యాల్నో తెల్వదు" అని పుస్తకానికే తప్పులు పట్టాడు. సాంఘికంలో ఖండాలన్నీ ఒప్పుకున్నాడు, పోయి చూసిరాలేడు కనుక. లెక్కల దగ్గరే లొల్లి మొదలైంది.

"ఒక ట్యాంకు పై నల్లాతోని నాలుగు గంటలల్ల నిండుతది. కింది నల్లాతోని ఆరు గంటలల్ల ఖాళీ అయితది. రెండూ ఇప్పితే ఎన్ని గంటలకు నిండుతది?" అని చదివింది ఆండాలు.

"రెండూ ఎందుకు ఇప్పిన్రు?"

"లెక్క బాపూ!"

"లెక్కయితే ఏంది? నింపేటప్పుడు కింది నల్లా కట్టెయ్యాలె. ఏ బేవకూఫ్‌గాడు ఇప్పిపెట్టిండు? వాని నౌకరీ పీకాలె!"

వారం రోజులు ఇదే వరస. ప్రతిసారీ "నాలుగు గంటలు. కింది నల్లా కట్టేసిన" అని జవాబు రాసేవాడు. ఆండాలు తల కొట్టుకునేది. చివరికి పొయ్యి దగ్గరున్న భార్య కృష్ణమ్మకు ఒళ్లు మండింది.

"బిడ్డ చెప్పినట్టు ఇనరాదూ! కాయిదం మీది నీళ్లు ఎవల కొంపలు ముంచుతయి?"

ఆ మాటతో ఎల్లప్ప దారికొచ్చాడు. గంటకు వచ్చేదెంత, గంటకు పోయేదెంత, మిగిలేదెంత. పన్నెండు గంటలు! పళ్లు తోముకుంటూ కూడా అదే గొణుక్కునేవాడు.

లెక్కల పరీక్ష రోజు పొద్దున ఆరింటికి ట్యాంకు నిండుగా ఉంది. ఎల్లప్ప కింది నల్లా ఇప్పి కార్వాన్ గల్లీలకు నీళ్లు వదిలాడు. ఎనిమిదింటికి కట్టాలి. అందాకా అరుగు మీద కూర్చుని లెక్కల్లో మునిగి, పరీక్ష టైమైందని ఉలిక్కిపడి లేచి, సైకిలెక్కి దబీర్‌పురాలోని పరీక్ష బడికి పోయాడు.

పదింటికి కాగితం ఇచ్చారు. పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టలేదు. ఎట్లాగో ఇరుక్కుని నాలుగు లెక్కలు చేశాడు. ఐదోది చూడగానే మురిసిపోయాడు. ఒక ట్యాంకు, రెండు నల్లాలు! "ఇగ రా, నీ సంగతి చూస్త" అని కలం ఎత్తాడు. ఎత్తిన కలం ఎత్తినట్టే ఉండిపోయింది.

పొద్దున కింది నల్లా కట్టాడా? కట్టలేదు!

ట్యాంకు ఎండితే అడుగు బురదంతా పైపుల్లోకి పోతుంది. పక్కా నౌకరీ సంగతి దేవుడెరుగు, ఉన్న కచ్చాది కూడా ఊడుతుంది. లేచి పోదామంటే పాసు పోతుంది. పోనీ నీళ్లు ఆగలేదని ఎవరైనా లొల్లి చేస్తారా? నీళ్లు రాకపోతే రోడ్డెక్కుతారు గానీ, ఆగకుండా వస్తుంటే ఏ తల్లి ఫిర్యాదు చేస్తుంది!

చిత్తు కాగితం తీశాడు. ట్యాంకు పన్నెండడుగులు. పైన పంపు గంటకు అడుగు నింపుతుంది. కింది నల్లా గంటకు మూడడుగులు లాగుతుంది. అంటే గంటకు రెండడుగులు తగ్గుతుంది. పన్నెండడుగులకు ఆరు గంటలు. ఆరింటికి ఇప్పాడు, పన్నెండింటికి ఖాళీ! గోడ గడియారం చూస్తే పదిన్నర. సైకిల్ మీద అరగంట. పదకొండుంబావు దాకా కూర్చోవచ్చు.

కూర్చున్నాడు. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను కాగితం మీద. ఐదోది చేశాడు, ఆరోది చేశాడు, ఏడోది సగంలో ఉండగా పదకొండుంబావు అయింది. కాగితం సారు చేతిలో పెట్టాడు.

"ఇంకా మస్తు టైముంది కదయ్యా!"

"మీకుంది సారూ, ట్యాంకుకు లేదు" అంటూ ఉరికాడు.

నల్లా కట్టి, నిచ్చెనెక్కి తొంగిచూశాడు. అడుగున జానెడు నీళ్లు మిగిలాయి. కార్వాన్‌లో ఆ పూట బొంతలు, చాపలు, గోడలు, మేకలు అన్నీ స్నానం చేశాయి. సాయంత్రం మిగతా గల్లీలకు అరగంట నీళ్లు తగ్గితే, నోరు మూసుకుని తిట్లన్నీ తిన్నాడు.

లెక్కల్లో ఎల్లప్పకు ముప్పై ఆరు మార్కులొచ్చాయి. పాసు! ఆండాలుకు ఎనభై ఒకటి. పక్కా నౌకరీ హుకుం వచ్చిన మర్నాడు కృష్ణమ్మ గల్లీ అంతా చక్కెర పంచింది. ఆండాలు తండ్రి పక్కన చేరింది.

"బాపూ, పరీక్షల ట్యాంకు లెక్క చేసినవా?"

"ఒకటి కాదు బిడ్డా, రెండు ట్యాంకుల లెక్క చేసిన."

ఆండాలుకు అర్థం కాలేదు గానీ, ఆటపట్టించకుండా ఊరుకోలేదు. "మరి కింది నల్లా ఇప్పిపెట్టిన బేవకూఫ్‌గాడు ఎవడో తెల్సిందా?"

ఎల్లప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తెల్సింది. వాని నౌకరీ పీకకు బిడ్డా, నిన్ననే పక్కా అయింది."