తలకిందులైన పోపు

మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు కొంగుకు తుడుచుకొని, వినోద ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టేది. వంటల వీడియో పెట్టేది. వరంగల్ మిర్చి మార్కెట్ వెనుక గల్లీలో ఆ వేళకు అందరూ వట్టి అన్నం కంచాలతో ఆమె గడప ముందు చేరేవాళ్లు. వీడియోలో ఏది వండితే దాని ఆవిరి ఫోన్‌లోంచి బయటికి వచ్చేది మరి. గుత్తి వంకాయ అయితే, కూర లేకుండానే కంచం ఖాళీ అయ్యేది. చేపల పులుసు పెట్టిన రోజు డోర్నకల్ పిల్లులన్నీ టికెట్ లేకుండా రైలెక్కి వచ్చాయి.

గల్లీకి ఒక కట్టుబాటు ఉంది. పోపు వేసేటప్పుడు ఫోన్‌ను చేత్తో పట్టుకోరాదు. నిలబెట్టి, ఆవాలు చిట్లేదాకా దూరం జరగాలి. పక్కింటి సుల్తానా బేగం ఒకసారి ముందుకు వంగి కనుబొమ్మ కాల్చుకుంది. మళ్లీ మొలవలేదు.

వినోద వీడియోలు చూసేది రుచి కోసం కాదు, మరిచిపోవడానికి. ఆమె మొగుడు మహిపాల్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసేవాడు. బస్తా దించిన చేతికి ఇంట్లో కూడా ఏదో ఒకటి ఎత్తి కొట్టనిదే తోచదు. చెంబు దొరికితే చెంబు, పీట దొరికితే పీట. అతను చెంప మీద ఒక్కటిచ్చాడంటే ఖిలా తోరణాల మీది పావురాలు లేచిపోయి పాలకుర్తి గుట్ట మీద వాలేవి. వినోద ముందు పన్ను గరిటె దెబ్బకు పోయింది. మణికట్టు పీట దెబ్బకు విరిగింది. దవాఖానలో అడిగిన ప్రతిసారీ, "వంట చేస్తాంటె అయింది సార్" అనేది. ఇంటికొచ్చి వీడియో పెట్టేది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగేసరికి చెంప మంట చల్లారేది.

"హనుమకొండల హాస్టల్ వంటకు రమ్మంటాండ్రు అత్తమ్మా, పోనా?" అని ఒకరోజు అడిగింది.

"పోతె వాడు సంపుతడే. మొగోడన్నంక చెయ్యి లేస్తది" అంది చిలుకమ్మ, వట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "ఇగో, గా పప్పుచారు వీడియో పెట్టు బిడ్డా."

చంపుతాడనే వినోద కూడా నమ్మింది. అందుకే పోలేదు.

ఆ మాట ఎలా చేరిందో మార్కెట్‌కు చేరింది. మరునాడు మిట్టమధ్యాహ్నం మహిపాల్ తలుపు తన్నుకుంటూ వచ్చాడు. అన్నం కంచాలు గల్లీలోకి ఎగిరిపోయాయి.

"హాస్టల్‌కు పోతవానె? ఎవన్నడిగినవే?"

జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. సున్నం రాలింది, దాని మీద నెత్తురు చిమ్మింది. రెండోసారి కొట్టేసరికి అటుపక్క సుల్తానా బేగం ఇంట్లో గిన్నెలు దొర్లాయి. వినోద కిందపడితే మెడ మీద కాలు వేసి తొక్కాడు. ఆమె గోళ్లు నేలను గీరుతున్నాయి.

"ఇడిసిపెట్టురా, సస్తది!" అని చిలుకమ్మ అతని చెయ్యి పట్టుకుంది. కన్నతల్లినే మోచేత్తో పొడిచాడు. ముసలామె గడపలో బొక్కబోర్లా పడింది, నోటి నిండా నెత్తురు.

ఫోన్‌లో వంటామె మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. "నూనె బాగా కాగాలండీ, పొగ రావాలి. ఇప్పుడు ఎండుమిర్చి, ఆవాలు..."

"దీనివల్లనే నీకు పొగరెక్కింది" అని మహిపాల్ ఫోన్ లాక్కొని, నేలకేసి కొట్టడానికి తల మీదికెత్తాడు.

"భయ్యా, సీదా పట్టుకో! పోపు కాగుతాంది!" అని గుమ్మంలోంచి అరిచింది సుల్తానా బేగం.

"మిర్చి బస్తాల మీద పండేటోన్ని. నాకు పోపుతోని భయమా?"

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముందు నిలబడని మనిషి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకున్నాడు.

బండెడు నూనె కారింది. చేతుల మీద, నెత్తి మీద, భుజాల మీద; కాలి కింది వినోద మీద ఒక్క చుక్కా పడలేదు. ఆవాలు తూటాల్లా పేలాయి. ఎండుమిర్చి మాడి చెవులకు అంటుకుంది. చేతుల తోలు అరటిపండు తొక్కలా ఊడివచ్చింది. అతని కేకకు హనుమకొండలో బస్సులు ఆగిపోయాయి.

వినోద మెడ మీది కాలు లేచింది. ఆమె ముందు ఊపిరి తీసుకుంది. తర్వాత అతని చేతిలోంచి జారిపడ్డ ఫోన్ తీసి బియ్యం డబ్బాకు ఆనించింది.

"మంట తగ్గించి మూత పెట్టండి" అంది వంటామె.

దవాఖానలో డాక్టర్ అడిగాడు, "ఎట్లయింది?"

పెళ్లాం ముందు, తల్లి ముందు మహిపాల్‌కు ఇంకేమీ తోచలేదు. "వంట చేస్తాంటె అయింది సార్."

చిలుకమ్మ తల తిప్పి వినోద వైపు చూసింది. ఈసారి పోయిన పన్ను సందు వైపు, విరిగిన మణికట్టు వైపు కూడా చూసింది.

గాయాలు మానుతున్న రోజుల్లో, పొద్దున్నే గల్లీ ముందుకు హనుమకొండ ఆటో వచ్చింది. వినోద సంచితో ఎక్కింది. వెనకే చిలుకమ్మ, చంకలో అన్నం కంచం పెట్టుకొని. కట్లు కట్టిన చేతులు ఊపుకుంటూ మహిపాల్ గుమ్మంలోకి వచ్చాడు. అవి ఇంకా కొట్టడానికి లేవవు.

"అమ్మా! నువ్వెటు పోతానవే? నాకెవలు వండుతరు?"

"ఎవలెందుకురా? నీకు వంటొచ్చు గదా" అంది చిలుకమ్మ. "డాక్టర్ సార్‌కు నువ్వే చెప్పినవు."

ఆటో కదిలింది. వినోద ఒడిలో ఫోన్‌ను నిటారుగా పట్టుకొని వీడియో పెట్టింది. గల్లీ మలుపు దాటేదాకా బెల్లం పాకం వాసన వచ్చింది.