పట్టిన కుక్క వాటా

దర్శి చుట్టుపక్కల ఊళ్లలో కుందేళ్ల వేటకు ఒక కట్టుబాటు ఉండేది. కుందేలును ఏ కుక్క పడితే ఆ కుక్కకు పేగులూ కార్జమూ అక్కడికక్కడే పెట్టాలి. మాంసం ఆ తర్వాతే మనుషులు పంచుకోవాలి. వాటా ఎగ్గొడితే కుక్క మనసు విరిగిపోతుందనీ, మళ్లీ "ఉస్కో" అన్నా కదలదనీ నమ్మకం. మనుషుల వాటాల దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్లున్నారు గానీ, కుక్క వాటా జోలికి ఎవరూ పోలేదు.

యలమంద వేటకుక్క పేరు గంగ. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. ఈ లోకంలో ఆయన నమ్మింది దాన్నొక్కదాన్నే. భార్య సుబ్బరావమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా వాసన చూసిగాని తాగడు. "విషం పెట్టేదాన్నయితే పెళ్లయిన ఏడే పెట్టేదాన్ని" అనేది ఆవిడ. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతాన్ని ఈయన ఇల్లరికం తెచ్చి మరీ పెట్టుకున్నాడు.

వేటలో తోడు ఆదాం, చిన్ననాటి స్నేహితుడు. అయినా అనుమానమే. ఆదాంకీ ఒక కుక్క ఉంది. అది గంగకన్నా ముందు పరిగెత్తితే దొంగచాటుగా ఉసిగొల్పాడంటాడు. వెనకబడితే ఏదో ఎత్తు వేశాడంటాడు. అలాంటివాడితో ఎలా వేగాడో ఆదాంకే తెలియాలి.

పత్తికి పురుగు పట్టి ఊళ్లన్నీ మందు కంపు కొట్టిన ఏడు అది. ఒక పొద్దున పత్తిచేల గట్టున కుక్కలు కుందేలును లేపాయి. కుందేలంటే మలుపులు తిరిగి కుక్కల్ని అలవగొట్టాలి. ఇది తిన్నగా పోయింది, తూలింది. గంగ ఇట్టే పట్టేసింది.

"చూశావంట్రా నా గంగని!" అంటూ యలమంద కుందేలు కడుపు కోశాడు.

ఆదాం దాని మూతి తిప్పి చూశాడు. "తవుడంటి ఉంది యలమందా. లద్దెపురుగు కోసం ఎవరో తవుడులో మందు కలిపి చల్లినట్టున్నారు. దీని పరుగు కూడా తేడాగానే ఉంది. కుక్కకి పెట్టమాక, పూడ్చేద్దాం."

యలమందకు ఒళ్లు మండింది. వాటా పెట్టకపోతే గంగ చెడుతుంది, ఇక పెత్తనమంతా వీడి కుక్కదే. పైగా పూడ్చింది తర్వాత తవ్వుకుపోయి వండుకుంటాడని అనుమానం.

"నీ ఎత్తులు నాకు తెలుసులేరా" అని, పేగులూ కార్జమూ గంగ ముందు వేశాడు.

ఆదాం మాంసంలో తన సగం తీసుకుని దూరంగా గుంట తవ్వసాగాడు. ఆ చోటు ఎక్కడో యలమంద ఆనవాలు పెట్టుకుంటున్నాడు. అంతలో గంగ కాళ్లు వణికాయి. నోట నురగ వచ్చింది. ఆదాం పరిగెత్తుకొచ్చి బోరు నీళ్లు తెచ్చి నోట్లో పోశాడు. గుటక పడలేదు. యలమంద ఒళ్లోనే అది ప్రాణం విడిచింది.

"ముందే ఎట్టా తెలిసిందిరా నీకు? నువ్వే ఏదో పెట్టావు!"

"నేనే పెట్టుంటే వద్దని ఎందుకంటాను?"

"మరి గట్టిగా చెప్పొచ్చుగా! నా చెయ్యి పట్టుకుని ఆపొచ్చుగా!" అని యలమంద గుండెలు బాదుకున్నాడు.

"ఆపితే ఇంకా గబగబా పెడతావని ఊరుకున్నా" అన్నాడు ఆదాం. "నా మాట నువ్వెప్పుడు నమ్మావు గనక?"

యలమంద గంగ చెవులు నిమురుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆదాం కుక్క కోసం ఇంకో గుంట తవ్వడానికి లేచాడు.