సూలాన్‌ను దాచిన ఇల్లు

కువైట్‌లోని మిష్రిఫ్‌లో సంజీవమ్మ పనిచేసే ఇంట్లో పదకొండేళ్ళ అనూద్‌కు హాంకాంగ్ సినిమాలంటే పిచ్చి. స్కూలు నుంచి రాగానే వీడియో క్యాసెట్ పెట్టేది. ఒక్కతే చూడాలంటే భయం, అందుకని సంజీవమ్మ ఇస్త్రీ బల్ల కూడా ఆ గదిలోకే చేరింది. చీనా భాష ఇద్దరికీ రాదు. కింద పడే అరబ్బీ అక్షరాలు చదువుతూ అనూద్ కథ చెప్పేది. ఆ సినిమాల్లో సూలాన్ అనే తార ఒక్కతే పదిమంది మగవాళ్ళను తన్ని నిలబడితే, రాజంపేట పక్క పల్లె నుంచి వచ్చిన సంజీవమ్మ ఇస్త్రీ పెట్టె ఎత్తిపట్టుకుని అలాగే చూస్తుండిపోయేది.

1990 జూలై ఆఖరున సూలాన్ నిజంగానే కువైట్ వచ్చింది. అనూద్ తండ్రి సిటీలో టీవీల షోరూమ్ తెరుస్తూ, రిబ్బన్ కత్తిరించడానికి ఆమెను పిలిపించాడు. జనం తోసుకుంటుంటే సంజీవమ్మ అనూద్ చెయ్యి వదలకుండా ముందుకు తీసుకెళ్ళింది. సూలాన్ ఆ పిల్లతో ఫోటో దిగి, పక్కనున్న సంజీవమ్మ చేతిని కూడా మర్యాదగా తాకింది.

"సినిమాలో కన్నా పొట్టిగా ఉండాది, బాషా" అంది సంజీవమ్మ ఇంటికొస్తూ, డ్రైవర్ లాల్ బాషాతో. అతనిది రాయచోటి.

మూడో రోజు తెల్లవారేసరికి సిటీ నిండా ఇరాక్ ట్యాంకులు.

సూలాన్‌ది బ్రిటిష్ వాళ్ళిచ్చిన హాంకాంగ్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళనూ అమెరికా వాళ్ళనూ హోటళ్ళలో ఏరి బాగ్దాద్ పట్టుకుపోతున్నారని తెలిసి, యజమాని ఆమెకు నల్ల అబాయా కప్పి మిష్రిఫ్ ఇంటికి తెచ్చాడు. కొద్దిరోజులకు ఆ కుటుంబం ఎడారి దారిన సౌదీకి బయలుదేరింది. సూలాన్‌ను వెంట తీసుకెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కారులో ఆమె దొరికితే అందరూ పోతారు.

"రెండు వారాల్లో వచ్చేస్తాం. ఈమె మా ఇంటి అతిథి. నీ చేతుల్లో పెడుతున్నాను" అంది మామా, ఆ ఇంటి యజమానురాలు.

"నా పాస్‌పోర్టు, మామా?"

"ఆఫీసు బీరువాలో ఉంది" అని మామా కారెక్కింది. ఆ ఆఫీసును అప్పటికే దోచేశారు.

ఇంట్లో ముగ్గురు మిగిలారు. లాల్ బాషా రొట్టెల కోసం వరసలో నిలబడేవాడు. తలుపు చప్పుడైతే చాలు, తెరమీద పదిమందిని కొట్టిన మనిషి వంటింటి వెనక సామాన్ల గదిలో మూలకు ముడుచుకునేది. సంజీవమ్మ ఆమె జుట్టు కత్తిరించింది. గోళ్ళ రంగు చెరిపింది. ఎప్పుడో పని మానేసిన ఫిలిప్పీన్ పిల్ల గుర్తింపు కార్డు ఒకటి సొరుగులో దొరికితే ఆమె మెడలో వేసింది. సూలాన్ అసలు పాస్‌పోర్టును తన పావడా అంచులో పెట్టి కుట్టుకుంది. గొంతుక్కూర్చుని నేల తుడవడం నేర్పింది.

"నువ్వు నడిస్తే రాణి నడిచినట్లుండాది. తల దించు" అని అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు కలిపి చెప్పేది. సూలాన్‌కు మాట అర్థం కాకపోయినా పని అర్థమయ్యేది.

ఒక మధ్యాహ్నం ముగ్గురు సైనికులు వచ్చారు. ఇద్దరు మేడమీదికి పోయారు. మూడోవాడు వంటింట్లో నిలబడి, నేల తుడుస్తున్న సూలాన్ కార్డు చూశాడు. మొహం చూశాడు. తర్వాత వంగి ఆమె అరచెయ్యి తిప్పి చూశాడు. అది మెత్తగా, తెల్లగా ఉంది. వాడి చూపు అనుమానంగా మారింది.

సంజీవమ్మ ఒక్క అంగలో వచ్చి సూలాన్ చెంప ఛెళ్ళుమనిపించింది.

"వచ్చి నెల కాలేదు, దీనికి పని చేతగాదు, సారూ! ఇంత మురికి వదిలేసినాది చూడు" అని వచ్చిన అరబ్బీలో కేకలు పెట్టింది. సూలాన్ ఏడుస్తూ మళ్ళీ గుడ్డ అందుకుంది. సైనికుడు ఇంకా కదల్లేదు. సంజీవమ్మ చెవుల కమ్మలు తీసి వాడి చేతిలో పెట్టింది. అవి ఆమె తల్లివి. వాడు వాటిని జేబులో వేసుకుని, పైనున్నవాళ్ళను పిలుచుకుని వెళ్ళిపోయాడు.

గేటు మూసుకున్నాక సంజీవమ్మ సూలాన్ పక్కన నేలమీద కూర్చుంది. ఎర్రగా కందిన చెంపను తడిమి, "నొప్పి పుట్టిందా అమ్మా?" అంది. సూలాన్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, "సిస్టర్, సిస్టర్" అని ఎంతసేపో ఏడ్చింది. ఇంటికి పోయాక నీ పేరు అందరికీ చెప్తానంది. సంజీవమ్మ ఆ మాట అడగలేదు. కానీ విన్నాక చాలా సంతోషపడింది.

సెప్టెంబరులో ఇండియా వాళ్ళ కోసం బస్సులు కదిలాయి. లాల్ బాషా ఎవరెవరి కాళ్ళో పట్టుకుని మూడు సీట్లు సంపాదించాడు. బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దు దాకా సూలాన్ సంజీవమ్మ ఒళ్ళో తలపెట్టుకునే వచ్చింది. అక్కడ ఇసుకలో గుడారాలు, నీళ్ళ లారీ వెనక పరుగులు. నాలుగో రోజు బ్రిటిష్ ఎంబసీ కారొచ్చింది. సంజీవమ్మ పావడా అంచు విప్పి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది.

"ఇక్కడే ఉండు. వస్తాను" అని సైగచేసి సూలాన్ గుడారాల చుట్టూ కట్టిన తాడు దాటి వెళ్ళింది.

కాసేపటికి ఫోటోలు తీసేవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. సంజీవమ్మ తాడు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచింది. ఒక ఆఫీసరు ఆమెవైపు చూసి సూలాన్‌ను ఏదో అడిగాడు. సూలాన్ ఒకసారి తిరిగి చూసి, జవాబు చెప్పి, కారెక్కింది.

"ఏమన్నాది, బాషా?"

ఇంగ్లీషు తెలిసిన లాల్ బాషా తల వంచుకున్నాడు. "బస్సులో కలిసిన మనిషంట అక్కా. పేరు తెల్దంట."

పదకొండు రోజుల తర్వాత, ఇండియా ఎంబసీ రాసిచ్చిన కాగితాలమీద ఇద్దరికీ బొంబాయి విమానంలో చోటు దొరికింది. ఊళ్ళో ఈ సంగతి చెప్పినప్పుడల్లా సంజీవమ్మే సూలాన్ తరఫున మాట్లాడేది. "ప్రాణభయంలో అనింటాది లే. మనమైతే అనమా?"

యుద్ధం ముగిశాక ఆ ఇంటివాళ్ళే వీసా పంపారు. 1992లో ఆమె తిరిగి వచ్చినప్పుడు అనూద్ గేటు దాకా పరుగెత్తుకొచ్చి చుట్టేసుకుంది. ఏడాది గడిచాక ఒకరోజు ఆ పిల్ల కొత్త క్యాసెట్ తెచ్చి, "సంజీవా, మన ఇంటి కథ!" అని కేకేసింది. అట్ట మీద సూలాన్ బొమ్మ, కువైట్‌లో జరిగిన నిజ కథ అని అక్షరాలు. సంజీవమ్మ పని ఆపి, చీర సర్దుకుని మరీ కూర్చుంది.

సినిమాలో పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక పనిమనిషి ఉంది. యజమానులు వెళ్ళిపోగానే ఆమె సూలాన్‌తో నేల తుడిపించింది. చెంపమీద కొట్టింది. సూలాన్ చెవుల నుంచి కమ్మలు ఊడబీకి తను పెట్టుకుంది. ఆఖరికి సైనికులను వంటింట్లోకి తీసుకొచ్చి వేలు పెట్టి చూపించింది. సూలాన్ వాళ్ళందరినీ తన్ని, గోడ దూకి, ఒంటరిగా ఎడారి దాటింది.

క్యాసెట్ ఆగాక అనూద్ ఆమెవైపు చూడకుండా అడిగింది. "నువ్వు ఆమెను కొట్టావా?"

"కొట్టినా."

"ఎందుకు?"

సంజీవమ్మ జరిగిందంతా చెప్పింది. అరచెయ్యి, సైనికుడు, కమ్మలు, తాడు. ఎంత వివరంగా చెబితే అంత అబద్ధంలా వినిపిస్తోందని చెబుతుండగానే ఆమెకు తోచింది. అనూద్ విని, "కానీ నిజ కథ అని రాశారు కదా" అంది మెల్లగా.

మామా నవ్వేసింది. "సినిమా కోసం ఏదో కల్పిస్తారు. వదిలెయ్." కానీ ఎన్నడూ తాళం వెయ్యని నగల బీరువాకు ఆ వారం తాళం పడింది.

సంజీవమ్మ లాల్ బాషాను వెతుక్కుంటూ షువైఖ్ వెళ్ళింది. అతనిప్పుడు అక్కడొక గ్యారేజీలో పనిచేస్తున్నాడు. "నువ్వొచ్చి మామాకు ఒక్క మాట చెప్పు, బాషా."

"ఈడ ఉండే ఇఖామా కాయితం ఇప్పుడు వేరే కఫీల్, ఈ గ్యారేజీ యజమాని చేతిలో ఉండాది. ఆ ఇంటి గొడవ నాకేంటికక్కా? నీకు నిజం తెల్సు, నాకు తెల్సు. సాలదా?"

"సాలదు" అంది సంజీవమ్మ.

చివరికి అనూద్‌నే బతిమాలి, సూలాన్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాయించింది. నన్ను మెచ్చుకోవద్దు, ఆ పనిమనిషి నేను కాదని ఈ ఇంటివాళ్ళకు ఒక్క ముక్క రాయి, అంతే అడిగింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. కవరులో సూలాన్ నవ్వుతున్న ఫోటో, దానిమీద సంతకం, అభిమానికి ప్రేమతో అని అచ్చువేసిన ఒక వాక్యం.

అనూద్ మొహం వెలిగిపోయింది. "నేను తీసుకోనా, సంజీవా?"

"తీసుకో తల్లీ."

ఆ సాయంత్రమే ఆమె మామా దగ్గరికెళ్ళి వేరే ఇంటికి మారతానని అడిగింది. మామా కారణం అడగలేదు. వద్దని కూడా అనలేదు. అదే ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కోసింది.

కొత్త ఇంటి మామా ముసలావిడ, మాటకారి. మొదటిరోజు టీ తాగుతూ, "దాడి జరిగినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావా?" అని అడిగింది.

సంజీవమ్మ ఆమె కప్పులో ఇంకొంచెం టీ పోసింది.

"లేదు మామా" అంది. "అప్పుడు నేను మా ఊర్లో ఉన్నా."