వదిన చేతి కాఫీ

మొదటి షాపులో కౌంటర్ వెనక ఉన్నాయన వేలు నాలుకకి అద్దుకుని, కాగితం కప్పుల దొంతరలోంచి ఒకటి విడదీశాడు. అదే వేలు కప్పు లోపల పెట్టి గుండ్రంగా ఒకసారి తిప్పి, నిండా కాఫీ పోసి ఇచ్చాడు. మా ఆయన దాన్ని నాకు అందిస్తూ నా కళ్లలోకి చూసి నవ్వాడు. అప్పటికి మా పెళ్లయి పదకొండు రోజులు. పదకొండు రోజుల పెళ్లికూతురు మొగుడు అందించిన కప్పుని కాదంటుందా? కళ్లు మూసుకుని తాగేశాను. కడుపులో మాత్రం ఆ వేలు చాలాసేపు తిరిగింది.

ఇదంతా మా వదిన పెట్టిన పని. వదిన అంటే మా ఆయన అక్క. ఈ ఊళ్లో ఆమెకో చిన్న కాఫీ షాపు ఉంది. పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మం ముందు పదిమంది నిలబడి ఉంటారు. రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఊరికి అవతలి కొసన రెండో షాపు తెరుస్తూ, దాన్ని నా చేతిలో పెడతానంది. నేను ఎగిరి గంతేశాను. ఎమ్మెస్సీ చదివి, నాలుగేళ్లుగా పాలు పరీక్షించే లాబ్‌లో కూర్చున్నదాన్ని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా విరిగిన పాలు, పులిసిన పాలు, తీగలు సాగే పాలు. ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నా ఆ కంపు గోళ్ల కింద ఉండిపోయేది. అందులోంచి కాఫీ వాసనలోకి వెళ్లడమంటే నాకు రెండోసారి పెళ్లయినట్టే. రెండు నెలల్లో మానేస్తానని మా సెక్షన్ హెడ్‌కి చెప్పేశాను కూడా.

"తొందరపడకు అమ్మాయ్," అంది వదిన. "ముందు ఊళ్లో ఉన్న చిన్న షాపులన్నీ తాగి రా. పెద్ద కంపెనీల జోలికి పోకు. ఒక్క మనిషి నడుపుకునేవి చూడు. ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే మన చేతిలో ఏముందో తెలుస్తుంది."

"వీణ్ణి కూడా తీసుకుపో," అని తమ్ముణ్ణి చూపించింది. "నా కాఫీ వీడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఏరా పొట్టోడా?"

పొట్టోడు ఆరడుగులుంటాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. అక్క పిలిస్తే మాత్రం తల వంచుకుని "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినడం కోసమే నేను ఆ పేరుతో పిలిచి చూశాను. నాకు పలకలేదు.

అలా ఆదివారానికి రెండు చొప్పున ఏడు ఆదివారాలు తిరిగాం. బస్సులో ఒకే సీటు దొరికినా సంతోషం, దొరకకపోయినా సంతోషం. సంతోషమంతా షాపు గుమ్మం దాకానే. మూడో షాపులో ఒకావిడ దగ్గర ఒకే ఒక్క గుడ్డ ఉంది. దానితో బల్ల తుడిచింది, పాలు మరిగించే ఆవిరి గొట్టం తుడిచింది, మెడ మీద చెమట తుడుచుకుంది, తర్వాత మా కప్పుల అంచులు తుడిచింది. ఆ గొట్టానికి ఎండిపోయిన పాలు పొలుసులు పొలుసులుగా, మానుతున్న గజ్జిలా అంటుకుని ఉన్నాయి. ఏడో షాపు మెట్ల కింద గది. వెచ్చగా ఉంటుందని మెషీన్ మీద పిల్లి ముడుచుకుని పడుకుంది. నా కప్పు నురగలో పొడవాటి తెల్లటి వెంట్రుక తేలింది. మా ఆయన దాన్ని రెండు వేళ్లతో పైకి తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"మీసం," అన్నాడు.

"ఎవరిది?"

"యజమానికి మీసం లేదు. కాబట్టి దానిదే."

తొమ్మిదో షాపులో పక్క బల్ల వాళ్లు వదిలేసి వెళ్లిన పాలని షాపతను తిరిగి గిన్నెలో పోసుకోవడం నేను కళ్లారా చూశాను. మా ఆయన చూడలేదు. నేను చెప్పలేదు. ఆయన అప్పటికే సగం తాగేశాడు మరి.

పదకొండో షాపు మాత్రం వేరు. కళ్లజోడు పెట్టుకున్న ఓ పెద్దాయన, ప్రతి కప్పు తర్వాత కాఫీ పొడి నింపే మెషీన్ పిడిని విప్పి, కడిగి, వాసన చూసి మరీ బిగించాడు. ఆ కాఫీ తేలిగ్గా, కాస్త పుల్లగా, పండు కొరికినట్టుగా ఉంది. మింగాక నోట్లో ఏమీ మిగల్లేదు. నాకు ఎంతో నచ్చింది. కానీ మా ఆయన చప్పరించి, "ఏదో తక్కువైంది," అన్నాడు.

అన్ని షాపుల్లోనూ ఆయన అన్నది అదే మాట. వదిన కాఫీ తాగితే చివర్లో ఒక బరువు గొంతులో కూర్చుంటుంది. పొగలాంటిది, జిడ్డులాంటిది. గంటసేపు పోదు. ఆ బరువు ఎక్కడా దొరకలేదు. లేకపోతే అది కాఫీ కాదని ఆయన నమ్మకం. నేనూ, ఒక్కో షాపు గురించి రాసుకుంటున్న నోట్‌బుక్కు తీసి, పదకొండో షాపు ఎదురుగా "ఏదో తక్కువ" అని రాసేశాను. నాకు నచ్చిందన్న సంగతి నాకే సిగ్గనిపించింది. అత్తవారింటి రుచి ఇంకా నాకు పట్టుబడలేదు కాబోలు అనుకున్నాను.

పద్నాలుగూ అయ్యాక, తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వదిన షాపు మూసేసి మమ్మల్ని రమ్మంది. ఆమె షాపు చూస్తే ముచ్చటేస్తుంది. నేలలో ముఖం కనిపిస్తుంది. గ్లాసులు మెరుస్తుంటాయి. మెషీన్ పైభాగం ఇత్తడి, రోజూ తోముతుంది. నోట్‌బుక్కు తిరగేసి, ప్రతి పేజీలో "ఏదో తక్కువ" చదివి వదిన మురిసిపోయింది.

"ఆ ఏదో ఏంటో ఇవాళ నీ చేతికిస్తాను," అని తలుపు గడియ పెట్టింది. గింజల బస్తాల వెనకనుంచి పిడికిలంత స్టీలు డబ్బీ తీసి, అరచేత్తో తుడిచి, నా ముందు పెట్టింది. "ఇది నాకు కాఫీ నేర్పిన మేస్త్రిది. ఆయన తన షాపు మూసేసిన రోజు నాకిచ్చాడు. ఆయనకి వాళ్ల మేస్త్రి ఇచ్చాడట. నా తర్వాత నీకు."

పెళ్లిలో కూడా ఎవరూ నాకు ఏ వస్తువునీ అంత గౌరవంగా ఇవ్వలేదు. నా కళ్లు చెమ్మగిల్లాయి. మూత తీశాను.

లోపల నల్లగా ఉంది. పొడి కాదు, పాకం కాదు, బండి ఇరుసుకి పట్టే మడ్డిలా ఉంది. పైన ముడతలు పడ్డ మీగడలాంటి పొర. అంచుల దగ్గర బూడిద రంగు నూగు. మధ్యలో ఒక చీమ కాలు, దాని చీమ లేకుండా. ఆ వాసన ముక్కుకి కాదు, తిన్నగా నాలుక మొదట్లో తగిలింది. నెలల తరబడి మాడిన నూనె, తడి ఆరని మాపు గుడ్డ, చెవిలో గులిమి, అన్నీ కలిపితే ఆ వాసన.

"ఏంటిది వదినా?"

"మెషీన్‌లో కాఫీ పొడి మీదికి వేడినీళ్లు దిగే జల్లెడ ఉంటుందిగా, దాని వెనక పేరుకునేది. పదకొండేళ్లుగా నేను ఆ జల్లెడకి సబ్బు తగలనివ్వలేదు. నెలకోసారి పైపైన కాస్త గీరి డబ్బీలో వేసి, అందులోంచే కాస్త తీసి మళ్లీ పిడికి రాస్తాను. పాలు తోడు లేకుండా పెరుగవుతాయా? ఇదీ అంతే. కొత్త మెషీన్‌కి ఇది రాస్తేనే నా కాఫీ వస్తుంది."

తోడులో ప్రాణం ఉంటుంది వదినా, ఇందులో ఉన్నది కుళ్లిన నూనె, అని చెప్పబోయాను. కానీ డబ్బీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎందుకంటే ఆ వాసన నాకు కొత్త కాదు. గొంతులో కూర్చునే ఆ బరువు అదే. ఊరంతా తిరిగి నేను వెతికింది, ఎక్కడా దొరకలేదని రాసుకున్నది, ఇదే.

మా ఆయన చిటికెన వేలు డబ్బీలో ముంచి, నాలుకకి రాసుకున్నాడు.

"అదే," అన్నాడు, కళ్లు అరమోడ్చి.

నేను లేచి సింకు దగ్గరికి వెళ్లాను. ఏమీ బయటికి రాలేదు. నోట్లో నీళ్లూరుతూనే ఉన్నాయి, ఉమ్ముతూనే ఉన్నాను.

"ఏమ్మా, విశేషమా?" అంది వదిన వెనకనుంచి, నవ్వుతూ.

"కాదు వదినా. ఒక్కసారి ఈ మెషీన్ కడగనిస్తారా?"

ఆమెకి కోపం రాలేదు. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. "కడుగు. కడిగి తాగి చూడు. అప్పుడు నువ్వే తిరిగి రాస్తావు."

జల్లెడ విప్పడానికి మా ఆయన సాయం పట్టాడు. అది ఊడిన చప్పుడు జిగురులోంచి కాలు పీకినట్టుంది. వెనక వేలెడు మందాన తారు. వేడినీళ్లు పోస్తే అది కరగలేదు, చారలు చారలుగా జారింది. చెంచాతో గీకితే గోరు మందాన రేకులు లేచాయి. వాటి కింద ఆకుపచ్చ తిరిగిన లోహం. బకెట్ నీళ్లు మూడుసార్లు మార్చాను. నాలుగోసారి కూడా పైన రంగురంగుల నూనె తెట్టు తేలింది. పక్కన నిలబడ్డ మా ఆయన మొదట కబుర్లు చెప్పాడు, తర్వాత ఊరుకున్నాడు, ఆ తర్వాత బకెట్‌కి కాస్త దూరం జరిగాడు.

పదిసార్లు మంచినీళ్లు వదిలి, మూడు కప్పులు తీశాను. అవే గింజలు, అదే మెషీన్. తేలిగ్గా, పుల్లగా, మింగాక శుభ్రంగా ఉంది.

"ఏదో తక్కువైంది," అన్నాడు మా ఆయన, అలవాటు కొద్దీ.

"ఆ తక్కువైంది బకెట్‌లో ఉంది," అన్నాను.

వదిన ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఆమె ముఖం ముడుచుకుపోయింది. గబగబా సింకులో ఉమ్మేసి మూతి తుడుచుకుంది. కాసేపటి కింద నేను ఉమ్మినట్టే.

"సబ్బు," అంది.

"సబ్బు లేదు వదినా. కడిగితే ఇలాగే ఉంటుంది."

"అయితే నాకు అసహ్యం," అంది. "ఉత్త నీళ్లు. మనిషి చెయ్యి తగలని కాఫీ. దీని కోసం ఎవరు రెండు బస్సులు మారతారు?"

"నేను షాపు నడుపుతాను వదినా. మీరెలా చెప్తే అలా. గింజలు మీవే, లెక్క మీదే, వేళలు మీవే. ఇదొక్కటి మాత్రం రాయను."

"ఇది రాయకపోతే అది నా షాపు ఎలా అవుతుంది?"

"తాగేవాళ్లకి ఇందులో ఏముందో తెలుసా?"

"అడిగారా?" వదిన గొంతు మొదటిసారి పెరిగింది. "పదకొండేళ్లు వీడు ఇదే తాగాడు. ఏమైంది వీడికి? ఆరడుగులు పెరిగాడు."

"ఆరడుగులూ అంతకు ముందే పెరిగాడు వదినా."

మా ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. వదిన నవ్వలేదు. డబ్బీ దగ్గరికి లాక్కుని, చిటికెన వేలితో ఆ నల్లటిది కొంచెం తీసి, నేను కడిగిన జల్లెడ మీద పూసింది. చంటిపిల్ల మాడుకి నూనె పెట్టినంత మెత్తగా, అంచునుంచి మధ్యకి, ఒక్క రంధ్రం వదలకుండా. వేలికి మిగిలింది పిడి లోపల తుడిచింది.  పాపం, ఆమె నిజంగానే నాకు తన దగ్గరున్న అన్నిటికన్నా మంచిదే ఇస్తోంది.

"చెప్పు అమ్మాయ్. తీసుకుంటావా?"

డబ్బీకి మూత పెట్టి, ఆమె వైపు జరిపాను. "నాకు వద్దు వదినా."

ఆమె మెషీన్ వైపు తిరిగింది. ఆ పూసిన పిడితోనే ఒక కప్పు కాఫీ తీసి తమ్ముడి ముందు పెట్టింది. "నువ్వు?"

ఆయన కప్పులోకి చూశాడు. పైన సన్నటి నూనె వలయం తిరుగుతోంది. బకెట్‌కేసి చూశాడు. నాకేసి చూడలేదు. కప్పెత్తి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా, అడుగు దాకా తాగాడు.

"బాగుందా?"

"బాగుంది అక్కా."

వదిన గడియ తీసింది. "బస్సుకి వేళవుతుంది, వెళ్లండి," అంది. రెండో షాపు మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయన నాకే ఇచ్చాడు. రెండు స్టాపులు దాటాక తల నా భుజం మీద వాల్చబోయాడు. ఆయన ఊపిరి నా చెంపకి తగిలింది. మాడిన నూనె, మాపు గుడ్డ, గులిమి. పెళ్లయిన దగ్గర్నుంచి మొదటిసారి నేను పక్కకి జరిగాను.

"అంత కంపుగా ఉందా?" అన్నాడు.

"ఉంది."

తర్వాతి స్టాపులో ఆయన లేచి దిగిపోయాడు. నేనూ వెంట దిగాను. చెట్టుకి ఒక చెయ్యి ఆనించి, రోడ్డు పక్కన ఉన్నదంతా కక్కేశాడు. అది కూడా నల్లగానే ఉంది. నేను ముక్కు మూసుకుని, రెండో చేత్తో వీపు రాశాను. బస్సు మమ్మల్ని వదిలేసి పోయింది.

"ముందే చెప్పొచ్చుగా వద్దని," అన్నాను.

"నువ్వు వద్దన్నావు. నేనూ వద్దంటే అక్కకి ఇంకెవరున్నారు?" అని నోరు తుడుచుకున్నాడు. "నీ షాపు పోయింది కదే."

"పోయింది. రేపు మా సెక్షన్ హెడ్ కాళ్లు పట్టుకోవాలి, నా సీటు ఇంకా ఉంచాడేమోనని."

"మళ్లీ ఆ పాల కంపులోకా?"

"అక్కడ కంపు కొడితే పారబోస్తారు. ఎవరికీ పోసి ఇవ్వరు."

ఆయన ఎదురు కొట్టులో నీళ్ల సీసా కొనుక్కొచ్చి, సీసా ఖాళీ అయ్యేదాకా పుక్కిలించాడు. తడి మీసంతో నా దగ్గరికొచ్చి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి, వాసన చూడమన్నట్టు వంగాడు.

చూశాను.

"ఇంకో సీసా కొనుక్కురా పొట్టోడా," అన్నాను.

"ఊఁ," అని మళ్లీ రోడ్డు దాటాడు.