మెడ మీది గడ్డ

క్షయ మందులకు అణిగిన మెడగడ్డ, హెచ్ఐవీ మాత్రలు మొదలెట్టిన పక్షానికే కోడిగుడ్డంతయింది. పైగా జ్వరం. క్లినిక్ నుంచి ఇంటికి రాగానే బెకాని ఆ మాత్రల డబ్బా విసిరికొట్టాడు.

"ఒంట్లో బలం తిరిగొస్తోందట, అది క్షయ మీద విరుచుకుపడుతోందట, అందుకే వాచిందట! బాగుపడేవాడు ఇలా ఉంటాడా?"

అతని భార్య ఖెతివే గంజి కలుపుతూ నవ్వింది. "నర్సమ్మ చెప్పింది నాకు వెంటనే అర్థమైంది. నువ్వు జోహన్నెస్‌బర్గ్ గని నుంచి క్రిస్మస్‌కి వచ్చేవాడివి చూడు, అచ్చం అలాగే. ఏడాదంతా ఊరి మేకలు మన మొక్కజొన్న మేసినా అడిగే దిక్కుండేది కాదు. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టావో లేదో, మేకల మీద కేకలు, పొరుగాయనతో కొట్లాట, పగిలిన కుండలు. మనింటికేదో చేటు మూడిందనుకునేది ఊరంతా."

"కుండ ఒక్కసారే పగిలింది," అని గొణిగాడు బెకాని.

"ఆహా, ఒక్కసారే! ఇంటాయన వచ్చాడు గనుకేగా ఆ గోల. నిన్ను చల్లార్చడానికి నేను జొన్నబీరు పోసేదాన్ని. గడ్డను చల్లార్చడానికి నర్సమ్మ ఇంకో మాత్ర ఇచ్చింది."

ఖెతివే గంజి గిన్నె అతని ముందు పెట్టింది.

"అరుస్తున్నావని నిన్నెప్పుడైనా తిరిగి గనికి తరిమానా?"

బెకాని మెడ పట్టుకుని వంగి, మంచం కింద డబ్బా కోసం తడుముకున్నాడు.