హరిబాబు గారి ఎర్ర కారు

తప్పంతా బంగారమ్మదేనని కాశీబుగ్గలో సగం మంది ఇప్పటికీ అంటారు. అనేవాళ్ల నోట్లో మన్ను పడ! కొత్త బండికి బొట్టు పెట్టడం కూడా తప్పేనా?

తొంభై ఎనిమిదిలో, దసరా ముందు, జీడి ఫ్యాక్టరీ యజమాని హరిబాబు కలకత్తా నుంచి ఒక కారు తెచ్చాడు. ఎర్రటి స్పోర్ట్సు కారు. నేలకి జానెడు ఎత్తు, రెండే తలుపులు, రెండే సీట్లు. ఆ రోజుల్లో పలాస రోడ్ల మీద దాన్ని నడపాలంటే గోతికీ గోతికీ మధ్య దారి వెతుక్కోవాలి. అయినా మోజు! పూజారి కొబ్బరికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, ఫ్యాక్టరీలో పనిచేసే రెండు వందల మంది ఆడవాళ్లకీ తలా ఒక లడ్డూ పంచారు.

బంగారమ్మ పుట్టిల్లు భావనపాడు. ఆమె తరఫు వాళ్లంతా సముద్రం మీద బతికినవాళ్లు. అక్కడ కొత్త పడవ నీళ్లలోకి దిగే ముందు ఇంటి ఆడది అరచేతినిండా పసుపు రాసుకుని పడవ మూతికి గట్టిగా అద్దుతుంది. ఎంత గట్టిగా అద్దితే అంత క్షేమమని వాళ్ల నమ్మకం. కారుని చూడగానే బంగారమ్మకి అదే గుర్తొచ్చింది. ఎవరూ పిలవకుండానే ముందుకు పోయి, పళ్లెంలోంచి పసుపు తీసుకుని, కారు మూతికి చెయ్యి అద్దేసింది.

పొద్దుటి నుంచి జీడిపిక్కలు కొట్టిన చెయ్యి అది. పిక్క పగిలితే కారే నల్లటి రసం మనిషి తోలునే కాల్చేస్తుంది, ఇక కారు రంగెంత? పసుపు తుడిచేసరికి కింద ఐదు వేళ్లూ నల్లగా తేలాయి. కిరసనాయిలుతో రుద్దితే మరక ఇంకా పాకింది.

హరిబాబు ఆమె మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇది చెయ్యా, పశువు డెక్కా? ఈ చేపల కంపు పులమడానికి నీకు నా కారే దొరికిందా?" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా పోయేది. ఆమె రెండు చేతులకీ గోనెసంచి చుట్టించి, పురికొసతో కట్టించి, సాయంత్రం దాకా గేటు దగ్గర ఎండలో నిలబెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు. లడ్డూలు మాత్రం తినేశారు.

బంగారమ్మ కూతురు జయశ్రీకి అప్పుడు పదిహేడేళ్లు. అదే ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు బల్ల దగ్గర కూర్చునేది. కిటికీలోంచి అంతా చూసింది. కళ్లలో ఒక్క చుక్క నీళ్లు రాలేదు గానీ, ఒళ్లంతా భగ్గుమంది. వీడి నెత్తినెక్కిన ఆ కారుని వీడి చేతులతోనే నాకు ఇప్పించుకుంటాను, లేకపోతే నేను మా అమ్మ కడుపున పుట్టలేదు, అనుకుంది.

అంతకన్నా మంటెక్కించిన సంగతి ఇంకొకటి. మూడో రోజున బంగారమ్మ మళ్లీ అదే గేటులోంచి పనికి పోయింది.

"నీకు సిగ్గు లేదేటే యమ్మా?" అని తల్లి మీద పడి అరిచింది జయశ్రీ.

"సిగ్గు పొయ్యి మీదెడితే కూడుడుకుతాదేటి?" అంది బంగారమ్మ. "మీ అయ్య సూత్తే గుజరాతులో వీరావళి బోట్ల మీదకి పోయి అక్కడే ఇంకో సంసారం ఎట్టినాడు. నా పని నన్ను సేసుకోనీ."

జయశ్రీ మాత్రం ఆ ఫ్యాక్టరీ గడప మళ్లీ తొక్కలేదు. బజారులో మన్మథరావు అని ఒక బ్రోకరు ఉంటే, ఆయన దగ్గర శాంపిల్ సంచులు ఏరే పనికి చేరింది. ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది. గుప్పెడు పిక్కలు పట్టుకుని ఆడిస్తే చాలు, ఎన్ని పుచ్చు, ఎన్ని డొల్ల, ఎన్నాళ్ల కిందటి సరుకు, అన్నీ చెప్పేసేది. మొదట మన్మథరావు నవ్వాడు. తరవాత కత్తి చేతికిచ్చి పిక్కలు కోయించి చూశాడు. ఆమె చెప్పిందే నిజమైంది. ఆ రోజు నుంచి ఆయన నవ్వడం మానేసి కమీషనులో భాగం ఇవ్వడం మొదలుపెట్టాడు.

వచ్చిన డబ్బుని జయశ్రీ ఏం చేసిందో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. పుల్లంత బంగారం కొనలేదు. చీర చిరిగితే కుట్టుకుంది. వేసవిలో కంచిలి రైతులు తోటల్లోంచి పిక్కలు తెచ్చి అయినకాడికి అమ్ముకుంటుంటే కొని, వానాకాలం దాకా దాచి, ధర పెరిగాక అమ్మేది. ఒక ఏడాది వాన కారి నలభై బస్తాలు బూజు పట్టాయి. ఏడవకుండా మళ్లీ మొదలుపెట్టింది. ఆఫ్రికా పిక్కలు ఓడల మీద విశాఖ రేవుకి దిగడం మొదలయ్యాక ఆమె దశ తిరిగింది. పదిహేను లారీల సరుకు కొనేవాడు ముందు వంద పిక్కలు కోయించి చూసుకోవాలి కదా! ఆ కోతకి జయశ్రీని పిలిచేవారు. ఆమె కొనమంటే కొనేవారు, వద్దంటే లేచిపోయేవారు. పెళ్లి సంబంధాలు వస్తే, "కారు కొన్నాక సూద్దాం" అనేది. వచ్చినవాళ్లు పిచ్చిదేమోనని వెళ్లిపోయేవారు. టెక్కలిలో డ్రైవింగు స్కూలుకి పోయి లైసెన్సు కూడా తెచ్చుకుంది. అప్పటికి ఆమెకి సైకిల్ కూడా లేదు.

రెండు వేల ఏడు వేసవిలో హరిబాబు దగ్గర నుంచే కబురొచ్చింది. విశాఖలో ఆఫ్రికా సరుకు చవగ్గా దొరుకుతోందట, కోసి చెప్పాలట. వరహాలు అని ఇంకో వ్యాపారి కూడా దాని మీద కన్నేశాడట, అందుకని తొందరట. జయశ్రీ ఎవరి కూతురో హరిబాబుకి తెలియదు. తన దగ్గర పనిచేసే ఆడవాళ్లకి పిల్లలుంటారన్న సంగతే ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

తొమ్మిదేళ్ల తరవాత ఆ గేటు దాటి లోపలికి పోయింది. ఆఫీసు గదిలో బల్ల మీద శాంపిల్ పోసి ఉంది. వంద పిక్కలు లెక్కపెట్టి ఒక్కొక్కటే కోసింది. ముప్పై ఒకటి చెడిపోయాయి. వాసన చూసింది. ఓడలో తడిసి, రేవులో ఆరబెట్టి, పైకి నిగనిగలాడేలా చేసిన సరుకు. కొన్నవాడు నిలువునా మునుగుతాడు.

బాగుంది, కొనుక్కోండి అని ఒక్క మాట అంటే చాలు. కానీ అంటే రేపు తన మాటని ఎవడు నమ్ముతాడు? తిండి మానుకుని సంపాదించుకున్నది ఆ నమ్మకం ఒక్కటే. వీడి కోసం దాన్ని పోగొట్టుకోవడమా? కత్తి తుడుచుకుంటూ ఒక నిమిషం ఆలోచించింది. అప్పుడు తట్టింది ఆ ఉపాయం. తట్టగానే పెదవి చివర నవ్వు కూడా వచ్చింది.

"బాబుగారూ, కోత సెప్పే ముందు ఒక మాట. నాను బంగారమ్మ కూతుర్ని."

"ఏ బంగారమ్మ?"

పేరు కూడా గుర్తులేదు వెధవకి! జయశ్రీ పళ్లు బిగబట్టి, "మీ ఎర్ర కారుకి పసుపద్దినాది. గోనెసంచి కట్టించి గేటు కాడ నిలబెట్టినారు. ఆ బంగారమ్మ" అంది.

హరిబాబు మొహం మారిపోయింది. కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఇప్పుడు కోత సెప్తన్నాను. సరుకు తడిసిపోయినాది. కొనకండి."

హరిబాబు కాసేపు ఆమెని ఎగాదిగా చూశాడు. తరవాత పకపకా నవ్వాడు. "తొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకుని ఇవాళ నా బేరం చెడగొట్టడానికి వచ్చావా? వరహాలు ఎంతిచ్చాడు నీకు?"

"నిజం సెప్పినాను. ఆపైన మీ ఇట్టం." చీటీ మీద 'కొనవద్దు' అని రాసి, సంతకం పెట్టి, గుమస్తా చేతికిచ్చి, రెండో కాగితం మీద కూడా రాసి తన సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రమే హరిబాబు విశాఖకి ఫోన్ చేసి పదిహేను లారీల సరుకూ కొనేశాడు. కొంటాడని ఆమెకి తెలుసు. తన పేరు చెప్పకుండా ఉంటే కొనేవాడు కాదనీ తెలుసు.

పప్పు నల్లగా దిగింది. బొంబాయి పంపిన సరుకు పంపినట్టే తిరిగొచ్చింది. దీపావళి నాటికి బ్యాంకు వాళ్లు ఫ్యాక్టరీకి తాళం వేశారు. జయశ్రీ ఆ వారమంతా కడుపునిండా తిని నిద్రపోయింది.

ఒక ఆదివారం పెద్దతల్లి అనే ఆవిడ ఇరవై మంది ఆడవాళ్లని వెంటేసుకుని, జయశ్రీ విడిగా ఉంటున్న మేడ మీది అద్దె గదికి వచ్చింది. బంగారమ్మతో పాతికేళ్లుగా పక్క పక్కనే కూర్చుని పిక్కలు కొట్టిన మనిషి ఆమె. ఆ గుంపులో వెనకగా బంగారమ్మ కూడా ఉంది.

"ఓలే జయా, ఆరు లచ్చలు కడితే బేంకోలు తాళం తీసి షెడ్లు లీజుకిత్తారంట. నీ కాడున్నాయంట కదే. నువ్వే నడుపు, అందరం నీ కాడే సేత్తాం."

"ఆ డబ్బులు కారుకి పెద్దమ్మా."

"ఏ కారే?"

"అతగాడి కారే. అమ్ముతన్నాడు."

పెద్దతల్లి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! కారు కొరుక్కు తింటావేటే? రెండు వందల మందిమి ఈదినడ్డాం!"

"మా యమ్మని ఎండలో నిలబెట్టిన నాడు మీ రెండు వందల మందీ ఏటి సేసినారు? లడ్డూలు తిన్నారు!" జయశ్రీ అంత గట్టిగా అరుస్తుందని ఎవరూ అనుకోలేదు. బంగారమ్మ మొట్టమొదటగా వెనుదిరిగి మెట్లు దిగిపోయింది.

మర్నాడు జయశ్రీ హరిబాబు ఇంటికి వెళ్లింది. మనిషి చిక్కిపోయాడు, గడ్డం మాసింది. కారుకి ఆరు లక్షలు తెచ్చానని ఆమె అనగానే చేతులు జోడించాడు.

"ఆ డబ్బు బ్యాంకుకి కట్టి షెడ్లు తీసుకో అమ్మా. నీకూ లాభం, నాకూ బాకీ తీరుతుంది. కారొక్కటి వదిలెయ్. మీ అమ్మ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

తొమ్మిదేళ్లు ఈ మాట కోసమే బతికింది. మరి వినగానే తియ్యగా ఉండాలి కదా? ఉంది, తియ్యగానే ఉంది. ఇంకొంచెం కావాలనిపించింది.

"కాళ్లు నాకొద్దు. కారు కావాల. కడిగి ఇయ్యండి."

"డ్రైవరు..."

"మీరే. మీ సేతుల్తోటే."

బకెట్టు, గుడ్డ తెచ్చుకుని హరిబాబు కడిగాడు. మేడ మీద కిటికీలోంచి ఆయన భార్య చూసి తలుపు వేసుకుంది. చక్రాల దగ్గర బురద మిగిలితే జయశ్రీ వేలుతో చూపించింది. వంగి అదీ తుడిచాడు. ఆరు లక్షల చెక్కు బల్ల మీద పెట్టి, తాళం తీసుకుని, కారు నడుపుకుంటూ నేరుగా తల్లి గుమ్మం ముందు ఆపింది.

"ఎక్కు యమ్మా!"

బంగారమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి కారుని, కూతుర్ని చూసింది. "ఎందుకు?"

"నీకోసమేనే ఇదంతా! ఆడి సేతుల్తో కడిగించినాను, తెలుసా?"

"నన్నడిగినావేటి?" బంగారమ్మ గొంతు పెంచలేదు. "నాకోసమైతే షెడ్లు తీసుకుందువు. నాకింత పనుండీది, పెద్దతల్లికుండీది. నీకు కసి, తీర్సుకున్నావు. బాగున్నాది. దానికి నా పేరెట్టకు." మళ్లీ బియ్యం ఏరుకుంది.

కంచిలి అవతల ఎవరో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. సోమవారం నుంచి ఆడవాళ్లని లారీ మీద తీసుకుపోవడం మొదలైంది. కూలి తక్కువ, రానూ పోనూ మూడు గంటలు. అయినా వెళ్లారు.

ఆ సోమవారమే జయశ్రీ కారు తీసింది. ఇచ్ఛాపురం దాకా పోవాలని, దారిలో ప్రతి జీడి వ్యాపారీ బయటికొచ్చి చూడాలని ఆమె కోరిక. ఊరు దాటి హైవే ఎక్కేసరికి ముందు ఆ లారీ ఉంది. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్నాయి, ఒక పక్కంతా తవ్వేశారు, దాటడానికి సందు లేదు. లారీ వెనక తలుపు దగ్గర, వెనక్కి తిరిగి, ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. నడుమ పెద్దతల్లి. ఆమె పక్కన, ఒళ్లో అన్నం క్యారేజీ పెట్టుకుని బంగారమ్మ.

కారు బాగా కిందకి ఉండటంతో జయశ్రీ తల పైకెత్తి చూడాల్సి వచ్చింది. వాళ్లందరూ తననే చూస్తున్నారు. తిట్టలేదు, చెయ్యి ఊపలేదు. తిడితే బాగుణ్ణని జయశ్రీ అనుకుంది. తిరిగి తిట్టడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

కాసేపటికి పెద్దతల్లి గొంతు వినిపించింది. "ఓలే జయా! నీది జోరుగా పోతాదంట కదే! డైవర్ని పక్కకి తియ్యమననా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బంగారమ్మ నవ్వలేదు. దుమ్ము పడకుండా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పక్కన పోతున్న కొబ్బరి తోటల వైపు తల తిప్పుకుంది.

జయశ్రీకి హారన్ మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. పగ తీరింది, ముమ్మాటికీ తీరింది, అని పైకే అనుకుంది. పక్క సీటు మీద లారీ దుమ్ము పేరుకుంటోంది. కంచిలి దాకా రెండో గేరులోనే నడిపింది.