ఫేహీ అమ్మ పాల బకెట్టు

ప్లాస్టిక్ బకెట్టు కనిపెట్టిన మహానుభావుణ్ణి ఆ వసంతంలో నోనీ డోరన్ తిట్టని తిట్టు లేదు. ఐర్లండులోని గాల్వే పల్లెల్లో ఏ వాకిట్లో బండి ఆపినా ఎర్రవీ నీలివీ ప్లాస్టిక్ బకెట్లే. రేకు సామాన్లకు మాట్లు వేసే ఆమె మొగుడు సైమీని టీకి పిలుస్తున్నారు గాని పనికి పిలవడం లేదు.

"ఏటా పనిచ్చే ఫేహీ అమ్మ ఇంట్లో కూడా పని లేదనుకో, ఈ పనిముట్ల పెట్టె అమ్మేసి ఇంగ్లండులో పెద్దాడి దగ్గరికి పోదామే. ఇటుకలు మోసుకు బతుకుదాం," అన్నాడు సైమీ. అన్నాడంటే చేస్తాడు. బండిలో పుట్టి, బండిలోనే ఆరుగుర్ని కన్న నోనీకి నాలుగు గోడల మధ్య నిద్ర పట్టదు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు తిండి సహించలేదు.

అందుకే పొద్దున్నే, బట్టలారేసే కొయ్య క్లిప్పులు అమ్మే వంకతో తనొక్కతే ముందుగా ఆ ఇంటికి వెళ్ళింది. మొగుడు పోయాక ఫేహీ అమ్మ ఒంటరిగానే ఉంటోంది. నోనీకిద్దామని పిండి తేవడానికి ఆవిడ లోపలికి వెళ్ళగానే నోనీ కొట్టంలోకి దూరింది. ఎప్పుడో సైమీ చేసిచ్చిన పాల బకెట్టు కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని బోర్లించి, అడుగున మేకు ఆనించి, రాయితో ఒక్కటేసింది. మొగుడి చేతిపనికి చిల్లు పెట్టినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వచ్చారు.

"వచ్చావా సైమీ! నీకోసమే చూస్తన్నా. పాలన్నీ కారిపోతన్నాయయ్యా," అంటూ ఫేహీ అమ్మ ఆ బకెట్టే తెచ్చిచ్చింది. అప్పుడే ఎలా చూసిందబ్బా అనుకుంది నోనీ.

సైమీ బకెట్టును ఆకాశం కేసి ఎత్తి లోపలికి చూశాడు. అడుగున బొటనవేలితో తడిమాడు. నోనీ కూడా తొంగి చూసింది. రెండు చిల్లులు! తను కొట్టింది ఒక్కటే కదా. ఒకదాని అంచు లోపలికి వంగింది, అది తనది. రెండోదాని అంచు బయటికి వంగింది. ఎవరో లోపల్నుంచి కొట్టారు.

ఫేహీ అమ్మ ఉన్నట్టుండి కోళ్ళను అదిలించడం మొదలుపెట్టింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

సైమీ ఇద్దరి ముఖాలూ చూశాడు. జాలిపడి ఇచ్చే పని చచ్చినా ముట్టని మనిషి. ఇప్పుడు బకెట్టు విసిరికొడతాడనుకుంది నోనీ.

"తుప్పమ్మా," అన్నాడు సైమీ మెల్లగా. "ఈ ఏడు వానలు ఎక్కువ."

నిప్పు రాజేసి రెండు మాట్లు వేశాడు. నీళ్ళు పోసి చూపించాడు. చుక్క కారలేదు. ఆవిడ పెట్టిన రొట్టె తిని, టీ తాగి లేచారు.

గేటు దాకా సాగనంపుతూ, "వచ్చే ఏడు కూడా రావాలి సుమా. కెటిలు కారేట్టుంది," అంది ఫేహీ అమ్మ.

పనిముట్ల పెట్టెను బండి కింద దాని పాత చోట్లో పెడుతూ సైమీ తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మీసం కింద నవ్వుంది.

"దాని జోలికి పోకమ్మా. కారకపోయినా వస్తాం," అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి చెయ్యి చాపాడు. "ఏమే, ఆ మేకు ఇటు పడెయ్."

నోనీ జేబులోంచి మేకు తీసి పెట్టెలో వేసింది.